గడువు తేదీలూ, రంగుల గళ్ళూ

మా మామయ్యగారు బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఒక చివర ఎరుపు, రెండో చివర నీలం ఉండే పెన్సిల్ ఆయన చొక్కా జేబులో ఇప్పటికీ ఉంటుంది. ఇంటి పన్ను, పాలసీల ప్రీమియాలు, డిపాజిట్ల గడువులు, స్కూటరు ఇన్సూరెన్సు అన్నీ ఒక డైరీలో రాసుకుని, దగ్గరపడినవాటి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టేవారు. ఒకప్పుడు మన బ్రాంచీల్లో డ్యూ డేట్ డైరీ ఉండేది కదా, అచ్చం అలాగే.

2023లో ప్రమోషన్ మీద నాకు ఒడిశాలోని బరంపురం బదిలీ అయింది. ఇల్లు విజయనగరంలోనే ఉంది. రెండు వారాలకోసారి రైలెక్కి వచ్చి వెళ్తాను. పెద్దాయనకు చూపు మందగిస్తోందని ఆ డైరీ మొత్తాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాను. గడువు దాటితే ఎరుపు, దగ్గరపడితే పసుపు, ఇంకా వ్యవధి ఉంటే పచ్చ వచ్చేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. పేజీ తెరవగానే సంక్రాంతి ముగ్గులా ఉండేది. "ఇక మీరు డైరీ చూసుకోనక్కర్లేదు మామయ్యగారూ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2024 సెప్టెంబరు 22, ఆదివారం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన "అమ్మాయ్, హెల్త్ కార్డు ఈ ఏడాదిది ఇంకా రాలేదేం?" అని అడిగారు. వెంటనే ఫైలు తెరిచాను. అత్తయ్యగారివీ ఆయనవీ కలిపి ఉన్న ఆరోగ్య బీమా పాలసీ వరుస నిండుగా పచ్చగా ఉంది. "ఇంకా టైముంది మామయ్యగారూ" అని చెప్పబోయి తేదీ చదివాను. 14.08.2024. గడువు దాటి ముప్ఫై తొమ్మిది రోజులైంది. ముప్ఫై రోజుల గ్రేస్ పీరియడ్ కూడా అయిపోయింది. కంపెనీ పంపిన మెసేజీలు మామయ్యగారి పాత నంబరుకు వెళ్ళాయి. నంబరు మార్పించాల్సింది నేనే, మార్పించలేదు.

పాలసీ అయిదో ఏట నడుస్తుండేది. కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. షుగరుకు మూడేళ్ళు, కంటి శుక్లాలకు రెండేళ్ళు వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదటి నుంచి. జనవరిలో ఆయన కుడికన్ను ఆపరేషన్‌కు డబ్బు మేమే కట్టుకున్నాం. ఆయన ఒక్క మాట అనలేదు. తర్వాత ఎప్పుడో బీరువా సర్దుతుంటే ఆ డైరీ కనబడింది. 2024 ఆగస్టు పేజీలో 14 చుట్టూ ఎర్ర సున్నా ఉంది. ఆయన గుర్తుపెట్టుకునే ఉన్నారు. మరి ఎందుకు అడగలేదంటే, "నువ్వు కంప్యూటర్లో పెట్టావు కదమ్మా, కట్టేసే ఉంటావనుకున్నాను" అన్నారు.

అందుకని ఈ పాఠం. కండిషనల్ ఫార్మాటింగ్ ఎలా పెట్టాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ఎక్కడ మోసపోతుందో కూడా తెలిస్తేనే ఇంటి లెక్కకు పనికొస్తుంది. దినమంతా ఎక్సెల్‌తో కుస్తీ పట్టే మన స్టాఫ్‌కు కొంత తెలిసిందే కావచ్చు. ఇంట్లో ఉండి ఈ గడువులన్నీ మోసేది ఎక్కువగా వాళ్ళ భార్యలూ, భర్తలూ, రిటైరైన పెద్దలూ. వాళ్ళను దృష్టిలో పెట్టుకుని మొదటి నుంచీ చెబుతాను.

ముందు పట్టిక. ఎ కాలమ్‌లో వివరం, బిలో ఎవరి పేరున, సిలో ఎక్కడ, డిలో గడువు తేదీ, ఇలో మొత్తం. ఎఫ్ కాలమ్‌లో ఎన్ని రోజుల ముందు గుర్తు చేయాలో ఒక అంకె. మొదటి వరుస శీర్షికలకు, రెండో వరుస నుంచి అసలు సంగతి. ఒకటి కట్టేసి రసీదు చేతికొచ్చాక డి కాలమ్‌లో తర్వాతి గడువు వేసుకోవాలి. రసీదు రాకముందే మార్చే అలవాటు వద్దు. ఇంకో మాట, బ్యాంకువాళ్ళ ఇంట్లో చెప్పక్కర్లేదు గాని చెబుతాను: ఈ ఫైల్లో పాస్‌వర్డులు, పిన్‌లు రాయకండి. ఖాతా నంబరు చివరి నాలుగంకెలు చాలు.

ఎఫ్ కాలమ్ నేను తర్వాత చేర్చింది. మొదట్లో అన్నిటికీ పదిహేను రోజులే పెట్టాను, అదీ తప్పే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వారం చాలు. కాని అసలు పట్టించుకోకపోతే నష్టమే. ఆటో రెన్యూవల్ లేని డిపాజిట్‌ను గడువు తీరాక అలాగే వదిలేస్తే, ఆ తర్వాతి రోజులకు సేవింగ్స్ వడ్డీ, ఒప్పందం వడ్డీ రెండింట్లో ఏది తక్కువైతే అదే వస్తుంది. ఇది 2021 నుంచి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. బీమా ప్రీమియానికి నెల రోజులు ముందుగా ఉండాలి. నెలనెలా కట్టే పాలసీకి గ్రేస్ పదిహేను రోజులే, మిగతావాటికి ముప్ఫై. పాస్‌పోర్టుకు నేను 270 వేశాను. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉంటేనే రానిస్తాయి. విదేశాల్లో పిల్లలున్న ఇళ్ళల్లో ఇది టికెట్లు కొన్నాక గుర్తొచ్చే సంగతి. ఎఫ్‌లో 15 అని మాత్రమే రాయండి, "15 రోజులు" అని రాయకండి. రాస్తే ఎక్సెల్ దాన్ని కూడలేదు, పచ్చా పసుపూ రెండూ రావు.

ఇప్పుడు రంగులు. ఎ2 నుంచి ఎఫ్60 వరకు ఎంచుకుని, హోమ్ ట్యాబ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ నొక్కి, న్యూ రూల్‌లోకి వెళ్ళాలి. అక్కడ కనిపించే జాబితాలో చివరిది, "యూజ్ ఎ ఫార్ములా టు డిటర్మిన్ విచ్ సెల్స్ టు ఫార్మాట్" అన్నది మనకు కావలసింది. గూగుల్ షీట్స్‌లో అయితే ఫార్మాట్ మెనూలో కండిషనల్ ఫార్మాటింగ్, అందులో "కస్టమ్ ఫార్ములా ఈజ్". పత్రిక తెలుగుది కాబట్టి సూత్రాలు తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

ఎరుపుకు: =అండ్($డి2<>"",$డి2<టుడే())

పసుపుకు: =అండ్($డి2>=టుడే(),$డి2<=టుడే()+$ఎఫ్2)

పచ్చకు: =$డి2>టుడే()+$ఎఫ్2

ఒక్కొక్క దానికి విడిగా న్యూ రూల్ పెట్టి, ఫార్మాట్ బటన్ నొక్కి ఫిల్‌లో రంగు ఎంచుకోవాలి. ప్రతి సూత్రమూ అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న. అవునంటే రంగు వేస్తుంది, కాదంటే ఊరుకుంటుంది. టుడే అంటే ఫైలు తెరిచిన రోజు తేదీ, కాబట్టి రోజూ మనం ఏమీ మార్చనక్కర్లేదు. ఎరుపు సూత్రంలో ముందున్న ముక్క, డి2 ఖాళీ కాకూడదన్నది, ఎందుకంటే ఖాళీ గడిని ఎక్సెల్ సున్నాగా లెక్కేస్తుంది. సున్నా ఏ తేదీ కంటే అయినా చిన్నదే. ఆ ముక్క లేకపోతే కింద రాయని వరుసలన్నీ ఎర్రబడి, ఇల్లంతా బకాయిలున్నట్టు కనబడుతుంది.

డాలర్ గుర్తు దగ్గర చాలామంది తడబడతారు. నేను మా బ్రాంచిలో కొత్తగా చేరిన పిల్లలకు ఇలా చెబుతాను. డి అన్నది కౌంటరు, 2 అన్నది క్యూలో మనిషి. డికి ముందు డాలర్ పెడితే కౌంటరు మారదు. 2కు ముందు పెట్టలేదు కాబట్టి క్యూ కదులుతుంది: మూడో వరుసకు వచ్చేసరికి డి3, నాలుగో వరుసకు డి4. ఎ గడికి రంగు వేయాలన్నా, సి గడికి వేయాలన్నా వెళ్ళి అడిగేది డి కౌంటర్లోనే, అందువల్ల వరుస మొత్తానికి ఒకే రంగు వస్తుంది. డాలర్ మరిచిపోతే బి గడి వెళ్ళి ఇ కౌంటర్లో నిలబడుతుంది. అక్కడ తేదీ ఉండదు, డబ్బు మొత్తం ఉంటుంది. అప్పుడు పేజీలో వచ్చే రంగులకు అర్థం చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండు చోట్లా డాలర్ పెడితే క్యూ కదలదు, అందరికీ రెండో వరుస రంగే. ఇంకొకటి: మీరు ఎంచుకున్న ప్రాంతం ఎ2తో మొదలైతే సూత్రంలోనూ 2 ఉండాలి. ఎ1 నుంచి ఎంచుకుని సూత్రంలో 2 రాస్తే ప్రతి రంగూ ఒక వరుస పైకి జరిగి, పక్కింటివాళ్ళ బిల్లు మనకు వచ్చినట్టవుతుంది.

ఇంతవరకూ నేను 2023లో చేసిందే. తప్పు సూత్రాల్లో లేదు.

ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1 అంటే 1. అక్కడి నుంచి రోజుకొకటి చొప్పున పెరుగుతూ 2024 ఆగస్టు 14కు 45,518 అయింది. మనకు కనిపించేది ఆ అంకెకు తొడిగిన చొక్కా మాత్రమే. అందుకే తేదీకి పదిహేను కలపగలం, ఇది చిన్నదా అది చిన్నదా అని అడగగలం. కాని ఆ పాలసీ వరుసను మా అబ్బాయి కంపెనీ పంపిన కాగితంలోంచి కాపీ చేసి అతికించాడు. అందులో రోజుకు, నెలకు, సంవత్సరానికి మధ్య చుక్కలున్నాయి. మన దేశపు సెట్టింగుల్లో ఎక్సెల్ గీతలున్న తేదీని, అడ్డగీతలున్న తేదీని గుర్తుపడుతుంది. చుక్కలున్న దాన్ని తేదీ అనుకోదు. "14.08.2024" దానికి ఒక మాట. మామయ్యగారి పేరు ఎలాగో ఇదీ అలాగే.

మాటనూ అంకెనూ పోల్చమంటే ఎక్సెల్ తప్పు చూపదు, విసుక్కోదు. ఎంత పెద్ద అంకెకన్నా మాటే పెద్దది అనడం దాని పద్ధతి. ఇప్పుడు పైన ఇచ్చిన పచ్చ సూత్రం మళ్ళీ చూడండి. డి2 ఈరోజుకు పదిహేను కలిపిన దానికంటే పెద్దదా అని అడిగాం. మాట కాబట్టి పెద్దదే అంటుంది. ఈరోజూ అంటుంది, వచ్చే ఏడూ అంటుంది. ఆ వరుస ఎన్నటికీ పచ్చగానే ఉంటుంది.

మామూలుగా అయితే పసిగట్టడానికి ఒక గుర్తుంది. మనం ఏమీ చేయకపోతే అంకెలు గడిలో కుడివైపుకు, మాటలు ఎడమవైపుకు చేరతాయి. చుక్కల తేదీ ఒక్కటీ ఎడమకు అంటుకుని ఉండాలి. నేను అందంగా ఉండాలని కాలమ్ మొత్తం మధ్యకు జరిపాను. ఉన్న ఒక్క ఆనవాలూ నా చేత్తోనే చెరిపేశాను.

అందుకే ఇప్పుడు నాలుగో సూత్రం ఉంది, అది అన్నిటికంటే పైన ఉంటుంది. ఊదా రంగుకు: =అండ్($డి2<>"",నాట్(ఇజ్‌నంబర్($డి2))). గడిలో ఏదో ఉంది, అది అంకె కాదు అని దీని అర్థం. కండిషనల్ ఫార్మాటింగ్ కింద మేనేజ్ రూల్స్ తెరిస్తే సూత్రాలన్నీ వరుసగా కనిపిస్తాయి. బాణం గుర్తుతో దీన్ని పైకి జరిపి, పక్కనున్న "స్టాప్ ఇఫ్ ట్రూ" గడిలో టిక్ పెట్టాలి. రెండు సూత్రాలు ఒకే గడికి రెండు రంగులు వేయబోతే పైనున్నదే నెగ్గుతుంది.

ఈ వరుసక్రమం సంగతి బ్రాంచిలో పనిచేసేవాళ్ళకు ఇంకా బాగా తెలియాలి. అప్పు ఖాతాల్లో బకాయి 30 రోజుల వరకు ఎస్‌ఎమ్‌ఏ-0, అది దాటి 60 వరకు ఎస్‌ఎమ్‌ఏ-1, 90 వరకు ఎస్‌ఎమ్‌ఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ. రోజుల కాలమ్‌కు రంగులు పెడుతూ ఒకసారి మా సహోద్యోగి "0 కంటే ఎక్కువ" అనేదాన్ని అన్నిటికంటే పైన పెట్టాడు. 85 రోజుల ఖాతా కూడా లేత పసుపులోనే కూర్చుంది. పెద్ద అంకె సూత్రం పైన ఉండాలి: ముందు 90, తర్వాత 60, ఆ తర్వాత 30. అలా ఉన్నప్పుడే ఆ ఖాతాదారు ఇంటికి సమయానికి వెళ్ళి మాట్లాడగలం.

తేదీల సంగతికే వద్దాం. ఊదా రంగు వచ్చిన గడిని బాగుచేయాలంటే ఊరికే ఫార్మాట్ మార్చి డేట్ అంటే సరిపోదు; మాట మాటగానే ఉంటుంది. ఒకటి రెండయితే మళ్ళీ గీతలతో కొట్టండి. చాలా ఉంటే డి కాలమ్ ఎంచుకుని, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, మూడో మెట్టులో డేట్ దగ్గర డీఎమ్‌వై అని ఎంచుకుంటే చుక్కల తేదీలన్నీ అసలు తేదీలవుతాయి.

ఊదా రంగుకు కూడా దొరకని దొంగ ఇంకొకటి ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు అమెరికా సెట్టింగులతో వస్తాయి. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. మీరు జూన్ 5 అనుకుని 05-06 కొడితే అది మే 6 అనుకుంటుంది. అంకెగానే ఉంటుంది కాబట్టి ఊదా రాదు. పన్నెండు దాటిన రోజులైతే పదమూడో నెల లేదు కనుక మాటగా మిగిలి పట్టుబడతాయి. పన్నెండు లోపువి దొరకవు. దీనికి మందు ఒకటే: డి కాలమ్‌కు నెల పేరు అక్షరాల్లో కనిపించే ఫార్మాట్ పెట్టుకోవడం. జూన్ అనుకుని 05-06 కొట్టాక మే అని కనబడితే అప్పుడే తెలిసిపోతుంది. డేటా వ్యాలిడేషన్‌లో డేట్ తప్ప ఇంకేదీ రాయనివ్వకుండా కట్టడి చేయొచ్చు. చేయండి, కాని కొట్టినప్పుడే అది అడ్డుకుంటుంది. ఎక్కడినుంచో కాపీ చేసి అతికిస్తే నోరెత్తదు. మా ఇంట్లో జరిగింది అతికించినప్పుడే.

ఆ అతికించడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. వరుసల్ని కాపీ చేసి కింద వేస్తుంటే సూత్రాలు కూడా ముక్కలు ముక్కలుగా పిల్లలు పెడతాయి. ఏడాది తిరిగేసరికి మేనేజ్ రూల్స్‌లో నాలుగుండాల్సినచోట ముప్ఫై ఉంటాయి. విలువలు మాత్రమే అతికించడం అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు.

రంగులు ఇంకా ఎన్నో రకాలున్నాయి: పట్టీలు, బాణాలు, ట్రాఫిక్ లైట్లు. 1997 ఎక్సెల్‌లో ఈ సౌకర్యం వచ్చినప్పుడు మూడు షరతులకే చోటుండేది. 2007 నుంచి ఆ హద్దు పోయింది, అలంకారాలూ వచ్చాయి. ఇంటి పట్టికకు నాలుగు రంగులు మించితే ఏది చూడాలో తెలియదని నా అభిప్రాయం. మా అబ్బాయి ఒప్పుకోడు.

మామయ్యగారి కోసం చివరికి ఇంకొకటి చేయాల్సి వచ్చింది. ఆయనకు స్క్రీన్ చూడటం కష్టం, కాగితం కావాలి. ఇంట్లో ప్రింటరు నలుపే వేస్తుంది. ఎరుపూ పచ్చా కూడా కాగితం మీద బూడిదరంగులోనే వచ్చాయి. కొందరికి, ముఖ్యంగా మగవాళ్ళలో కొందరికి, స్క్రీన్ మీద కూడా ఎరుపూ పచ్చా తేడా తెలియదు. అందుకని జి కాలమ్‌లో రంగునే మాటగా రాయించాను. తెలుగులోనే రాయొచ్చు:

=ఇఫ్($డి2="","",ఇఫ్(నాట్(ఇజ్‌నంబర్($డి2)),"తేదీ సరిచూడాలి",ఇఫ్($డి2<టుడే(),"దాటింది",ఇఫ్($డి2<=టుడే()+$ఎఫ్2,"దగ్గరపడింది","వ్యవధి ఉంది"))))

జి2లో రాసి కిందికి లాగితే సరిపోతుంది. ఇక్కడ కూడా తేదీ తేదీయేనా అన్న ప్రశ్నే ముందు, మిగతావి తర్వాత. పొడుగ్గా ఉందని భయపడకండి. "లేదంటే" అనుకుంటూ పైకి చదవండి, అర్థమవుతుంది.

ప్రతి నెలా ఒకటో తారీఖున మావారు ఆ పేజీ ప్రింటు తీసి హాల్లో క్యాలెండరు పక్కన అంటిస్తారు. ఫైలు దానంతటది తెరుచుకుని మనల్ని పిలవదు కదా. మామయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని, పై నుంచి కింది దాకా తేదీలు చదువుతూ తన పెన్సిల్‌తో ఎర్ర సున్నాలు చుడతారు. డైరీ మళ్ళీ మొదలుపెట్టారు కూడా. నేను వద్దనలేదు.

2025 ఆగస్టులో ఫోన్ చేశారు. "అమ్మాయ్, స్కూటరు ఇన్సూరెన్సు దగ్గర తేదీ సరిచూడాలి అని ఉందేమిటి?" నేను బరంపురంలో ఫైలు తెరిచి చూశాను. ఊదా రంగు. చుక్కలు లేవు, గీతలే ఉన్నాయి, ఏం తప్పో నాకు అంతుపట్టలేదు. "తేదీ ఏమని ఉంది మామయ్యగారూ, ఒకసారి చదవండి" అన్నాను.

"31-09-2025" అని చదివి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మనవడిని కేకేశారు. "ఒరేయ్, సెప్టెంబరుకు ముప్ఫయ్యొకటో తారీఖు ఎక్కడిదిరా?"